పసుపు విమానం పొట్టకింద గీత

ఎక్స్‌రే గది పక్క వరండా,
సోమవారం

వదినా,

బాగున్నావా అని అడగను. మొన్న ఫోన్‌లో నువ్వు అన్నయ్యని దులిపేస్తుంటే పక్కనే కూర్చుని విన్నాను. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు.

నాకు లెన్స్ కావాలి. నవ్వకు.

శనివారం డ్యూటీ దిగి అటునుంచి అటే విమానాల మైదానం కంచె దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య జట్టు ఈ ఊళ్ళో మకాం పెట్టి నెల దాటినా నేను సాధన చూడటం అదే మొదటిసారి. నాలుగు పసుపు విమానాలు, ముక్కుమీద ప్రొపెల్లర్ తిరిగే పాతకాలం రకం. ఒకదాని రెక్క ఇంకోదానికి తగులుతుందేమో అన్నంత దగ్గరగా వచ్చి, నాలుగూ ఒకేసారి తల పైకెత్తి ఆకాశంలో పెద్ద పల్టీ కొట్టాయి. ఇంట్లో తువ్వాలు ఎక్కడ పెట్టాడో గుర్తుండని మన మనిషేనా అక్కడున్నది! పక్కన ఒక పెద్దావిడ "ముందున్నతను భలే తిప్పాడమ్మా" అంటే, "మా అన్నయ్యేనండీ" అని మైదానమంతా వినపడేలా అరిచాను.

అవును, ముందు విమానం ఇప్పుడు అన్నయ్యదే. పాత నాయకుడికి నడుము నొప్పి తిరగబెట్టి దిగిపోతున్నాడు. సీజన్ చివర పెద్ద ప్రదర్శనలో అన్నయ్య ముందుండి నడిపిస్తాడు. అది చక్కగా జరిగితే నాయకుడి చోటు ఆయనకే ఖాయమట. నీతో పైకి అనడుగానీ, ఆ చోటు కోసం ఎన్నాళ్ళుగా కాచుకున్నాడో నాకు తెలుసు.

ఇక నా కెమెరా సంగతి. ఉన్న చిన్న జూమ్‌ని చివరిదాకా లాగి తీస్తే విమానం ఆవగింజంత వచ్చింది. మా ఆస్పత్రి పళ్ళ డాక్టరుగారికి కూడా విమానాల పిచ్చి ఉందిలే. టెలీకన్వర్టర్ అని ఒక చిన్న డబ్బా ఉంటుందట, లెన్సుకీ కెమెరాకీ మధ్య బిగిస్తే బొమ్మ రెట్టింపవుతుందట. అది చాలదూ? లెన్సులు విప్పి బాగుచేసే వదిన ఉండగా ఊళ్ళోవాళ్ళని ఎందుకు అడగాలని నీకు రాస్తున్నా.

నీ మరదలు


లెన్సుల రిపేరు షాపు,
గురువారం

ఆడపడుచుగారికి దండాలు.

పళ్ళ డాక్టరుని పళ్ళు చూసుకోమను.

రెట్టింపు అన్నది అమ్మేవాడి మాట. ఆ డబ్బా బొమ్మని పెద్దది చేస్తుంది, కాదనను. బదులుగా వెలుగు తినేస్తుంది. రెండింతల డబ్బా పెడితే లెన్సులోకి వచ్చిన వెలుగులో నాలుగోవంతే కెమెరాకి చేరుతుంది. నీ చిన్న జూమ్‌కి అసలే వెలుగు తక్కువ. దానికి ఈ డబ్బా కూడా తగిలిస్తే పాపం కెమెరా ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ తడుముకుంటూ ఉంటుంది. ఈలోగా మీ అన్నయ్య పక్క ఊరు దాటిపోతాడు. పైగా లెన్సులో ఉన్న లోపాన్ని కూడా అది శ్రద్ధగా రెట్టింపు చేసి చూపిస్తుంది.

పార్సిల్‌లో నా మూడు వందల మిల్లీమీటర్ల లెన్స్ పంపుతున్నా. జూమ్ కాదు, జరగదు. విమానం మరీ దగ్గరికొస్తే ఫోటోలో రెక్క తెగుతుంది, తెగనీ. దానితోపాటు ఒకటి పాయింట్ నాలుగింతల కన్వర్టర్ పెట్టాను. అది వెలుగులో సగమే తింటుంది. రెండూ ఒకే కంపెనీ ఒకదాని కోసం ఇంకొకటి చేసినవి, కాబట్టి వీటికి వియ్యం కుదురుతుంది. కనిపించిన డబ్బానల్లా కనిపించిన లెన్సుకి తగిలించకు. బీరువాలో నా పెద్ద లెన్స్ ఉందని, దాన్ని ఏనుగు అంటానని నీకు తెలుసు. అది మాత్రం అడగకు.

లెన్స్ వచ్చిన రోజే విమానాల మీద పడకు. ఆస్పత్రి గేటు ముందు పోయే బస్సుల మీద సాధన చెయ్యి. చేతులతో తిప్పకు, నడుము నుంచి తిరుగు. నొక్కాక కూడా తిరుగుతూనే ఉండు. ఫోటోలు ఫోన్‌లో పంపావంటే ఊరుకోను, నలిగి వస్తాయి. ప్రింటు తీసి కవర్లో పెట్టు, ఉత్తరం రాయి. ఫోన్‌లో అయితే నేను చెప్పేది సగం వినకుండానే సరే సరే అంటావు.

మీ అన్నయ్య ఎగరడం చూడటానికి రమ్మని మాత్రం అడగొద్దు. పెళ్ళైనప్పటి నుంచీ చూడలేదు, ఇకముందూ చూడను. ఆ మాట వదిలేసి ఏదైనా అడుగు.

వదిన


ఎక్స్‌రే గది,
మంగళవారం

వదినా, వదినా, వదినా!

నీ లెన్స్ చేతిలో పట్టుకుంటే పసిపిల్లని ఎత్తుకున్నంత భయం వేసింది. బస్సుల మీద సాధన చేశాను. మూడో నంబరు బస్సు డ్రైవరు నేనేదో ఫిర్యాదు పెడుతున్నాననుకుని స్టాపులో సరిగ్గా ఆపడం మొదలుపెట్టాడు. ఊరికి అదో మేలు.

శనివారం ప్రింట్లు పంపుతున్నా. అన్నయ్య తల కూడా కనిపిస్తోంది చూడు, కాక్‌పిట్‌లో తెల్ల టోపీ. రెక్కమీద రివెట్లు లెక్కపెట్టొచ్చు. ఇంత మంచి ఫోటోలు తీశానని పొంగిపోయి, అన్నయ్యకి చూపిద్దామని పరిగెత్తాను. చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"ఏంటే ఇది? ఇంజిన్ ఆగిపోయి కిందపడుతున్నట్టు తీశావు!"

చూస్తే నిజమే. ప్రొపెల్లర్ రెక్కలు కర్రల్లా నిలబడిపోయి ఉన్నాయి. షట్టర్ స్పీడు ఎక్కువ పెడితే స్పష్టంగా వస్తుందని సెకనులో రెండువేలో వంతు పెట్టాను. జట్టు మెకానిక్ మీసాలాయన అయితే ఇంకా నొచ్చుకున్నాడు. "నా ఇంజిన్ని చంపేశావు కదమ్మా" అన్నాడు. ఇద్దర్నీ బుజ్జగించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఏం చెయ్యను?

నీ మరదలు


లెన్సుల రిపేరు షాపు,
శుక్రవారం

మరదలా,

కడుపుబ్బ నవ్వాను.

స్పీడు తగ్గించు. నూట అరవైకి దింపు, ధైర్యం చాలితే నూట పాతికకి. ప్రొపెల్లర్ గుండ్రటి పళ్ళెంలా తిరుగుతుంది. కాకపోతే పదిట్లో తొమ్మిది ఫోటోలు చెడిపోతాయి. చెడిపోనీ. ఆ మిగిలిన ఒక్కదాని కోసమే ఈ తంటాలన్నీ.

నువ్వు తీసిన వాటిలో ఒకటి నిజంగా బాగుంది. విమానం వంగి తిరిగేటప్పుడు రెక్క కింద వెలుగు పడింది చూడు, అది. నేర్పితే వచ్చేది కాదు. ఒకసారే మెచ్చుకుంటాను, దాచుకో.

వదిన


ఆస్పత్రి మేడ మీద,
ఆదివారం

వదినా,

నువ్వు మెచ్చుకున్న ఉత్తరం మా హెడ్ నర్సుకి కూడా చదివి వినిపించాను.

ఇప్పుడు మకాం మార్చాను. ఆస్పత్రి మేడ మీది నీళ్ళ ట్యాంకు పక్కన చోటు దొరికింది. మైదానం చివర విమానాలు తల పైకెత్తే చోటికి కంచెకంటే ఇదే దగ్గర. అక్కడ నిలబడి చూస్తే వాళ్ళ పని ఎంత గొప్పదో అర్థమవుతుంది. అన్నయ్య ముక్కు ఎత్తడం ఆలస్యం, మిగతా ముగ్గురూ ఒక్కమనిషిలా ఎత్తుతారు. వాళ్ళు ఎదర ఆకాశం చూడరట, అన్నయ్య రెక్క చివరనే చూస్తారట. అన్నయ్య తప్పితే అందరూ తప్పుతారు. "అంత నమ్మకం ఎలాగయ్యా" అని రెండో విమానం నడిపే కుర్రాడిని అడిగితే, "మీ అన్న చెయ్యి వణకదండీ" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో ఆ చేత్తోనే రోజుకో కప్పు పగలగొడతాడని చెప్పలేదు.

నూట అరవైతో మొత్తానికి ఒకటి సాధించాను, పెట్టాను చూడు.

ఇంకోటి కూడా పెట్టాను. తిట్టకు. పళ్ళ డాక్టరుగారు ఎర్ర టోపీ పెట్టుకుని మేడెక్కి, తన రెండింతల డబ్బా ఇచ్చి ఒక్కసారి ప్రయత్నించమన్నారు. ప్రయత్నించాను. నువ్వన్నట్టే అంతా మసక. అంచులన్నిటికీ ఊదారంగు పట్టింది. కానీ ఆ మసకలో నాలుగింటిలో ఒక విమానం పొట్టకింద సన్నగా నల్లటి గీత కనిపిస్తోంది. నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు తీసింది. ఇది డబ్బా మహిమేనా? ఒకసారి చూసి చెప్పు.

నీ మరదలు


లెన్సుల రిపేరు షాపు,
బుధవారం

ఏ విమానం?

డాక్టరు టోపీ రంగు రాసినదానివి, విమానం ఏదో రాయలేదు. ప్రింటులో తోకమీది నంబరు కూడా కత్తిరించేశావు. ఉత్తరం అందిన పూటే జవాబు రాయి.

వదిన


ఎక్స్‌రే గది,
శనివారం

వదినా,

ముందుదే. అన్నయ్యదే.

నిన్ను హడలగొట్టడం ఎందుకని రాయలేదు. నీ దగ్గర దాగుతుందా ఏమైనా!

అన్నయ్యకి చూపించాను. పగలబడి నవ్వాడు. మిగతా మూడు విమానాల అంచులకి పట్టిన ఊదా మసక చూపించి, "వీటన్నిటికీ ఆయిల్ కారుతోందా? నీ డబ్బా కారుతోంది" అన్నాడు. మీసాలాయన నన్ను చెయ్యిపట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్ళి, విమానం కిందికి వంగి చూడమన్నాడు. పొట్ట అద్దంలా ఉంది, అందులో నా మొహం చూసుకున్నాను. మరక అన్న మాటే లేదు.

ఇంటికొచ్చి ఊరుకుందామనుకున్నా. కానీ మర్నాడు సాధన అయ్యేదాకా అక్కడే ఉండి చూశాను వదినా. చక్రాలు ఆగీ ఆగకముందే మీసాలాయన గుడ్డ పట్టుకుని విమానం కిందికి దూరిపోతాడు. ఎవరూ చూడకముందే తుడిచి తళతళలాడిస్తాడు. అది ఆయన పరువు. పల్టీ కొట్టి తలకిందులైనప్పుడు ఈ రకం ఇంజిన్లు కాస్త ఆయిల్ కక్కడం మామూలేనట, దానికోసం ఎడమవైపు చిన్న గొట్టం కూడా ఉంది. అందుకే నల్లమరకని ఎవరూ పట్టించుకోరు, తుడిచేస్తారు. కానీ నా ఫోటోలో గీత కుడివైపు ఉంది. ఇంజిన్ మూత అతుకు దగ్గర మొదలవుతోంది.

ఆ మాటే మళ్ళీ అన్నయ్యతో అన్నాను. ఈసారి నవ్వలేదు.

"ఇప్పుడు కాగితం పెడితే విమానం విప్పుతారు. విప్పింది కట్టి, పరీక్షలు చేసి, అనుమతి వచ్చేసరికి ప్రదర్శన అయిపోతుంది. ఉన్నవి నాలుగే విమానాలు. మూడింటితో ఎగురుతారు, ముందు ఇంకొకడు ఉంటాడు. నీ ఫోటోలో మసక కోసం నా చోటు వదులుకోమంటావా?"

గీత నిజమైతే అన్నయ్య ప్రాణానికే ముప్పు. అబద్ధమైతే ఆయన ఇన్నాళ్ళ ఆశ నా చేతులారా పాడుచేసినట్టు. నువ్వే చెప్పు వదినా.

నీ మరదలు


లెన్సుల రిపేరు షాపు,
మంగళవారం

మరదలా,

భూతద్దం కింద పెట్టి చూశాను. మర్నాడు మళ్ళీ చూశాను.

అంచుల వెంబడి వచ్చిన ఊదా మసక డబ్బాది, అందులో అనుమానం లేదు. నీ గీత అంచుని వదిలేసి పొట్ట మధ్యగా నడుస్తోంది. అది డబ్బా పని కాదని నా మనసు చెబుతోంది. కానీ ఆ ప్రింటు పట్టుకుని నలుగురి ముందు నిలబడలేను. మధ్యాహ్నపు ఎండకి గాలి మరిగి వణుకుతుంది. అంత దూరం నుంచి, అంత మసకలో, రెక్క నీడ కూడా గీతలాగే కనిపిస్తుంది.

ఆ డబ్బా డాక్టరుకి ఇచ్చెయ్యి. పొద్దున్నే, నేల వేడెక్కకముందు తియ్యి. మళ్ళీ రెండువేల స్పీడు పెట్టు. ప్రొపెల్లర్ ఆగినట్టు వస్తే రానీ, ఎవరు నొచ్చుకున్నా పట్టించుకోకు. అందానికి ఒక స్పీడు, నిజానికి ఒక స్పీడు.

నేను ఎందుకు రానో నీకెప్పుడూ చెప్పలేదు. పేపర్లో ఆటల ఫోటోలు తీసినన్నాళ్ళూ నా పని ఏమిటో తెలుసా? పడేవాణ్ణి ముందే పసిగట్టడం. సైకిల్ పందెంలో, మోటారు పందెంలో, గుర్రాల మీద, ఎవడు పడబోతున్నాడో కనిపెట్టి లెన్స్ వాడిమీద పెట్టి కాచుకునేదాన్ని. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరనేవారు. కంటికి అదే అలవాటైపోయింది. మీ అన్నయ్య మీద లెన్స్ పెడితే నా కన్ను దేనికోసం కాచుకుంటుందో ఆలోచించు. అందుకే రాను.

సాధన ఆపెయ్యమని ఫోన్ చేసి అరిచాను. "నువ్వు కూడానా" అని పెట్టేశాడు.

వదిన


ఎక్స్‌రే గది,
శుక్రవారం

వదినా,

నీ ఉత్తరం చదివి గదిలో తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత ఒక పేషెంటు వస్తే కళ్ళు తుడుచుకుని పనిలో పడ్డాను. ఆ పనిలోనే దారి దొరికింది.

రోజూ నేను చేసేది ఇదే కదా! ఊపిరితిత్తుల ఫిల్ములో ఒక మచ్చ కనిపిస్తుంది. అది లోపలి రోగమా, చొక్కా గుండీ నీడా, ఫిల్ముమీద మరకా? ఒక్క ఫిల్ము చూసి ఏ డాక్టరూ చెప్పడు. మనిషిని పక్కకి తిప్పి ఇంకోటి తియ్యమంటాడు. రెండువైపుల నుంచీ అదే చోట ఉంటే అది మనిషిలో ఉన్నట్టే.

విమానాన్ని పక్కకి తిప్పలేం. మనమే తిరగాలి. పల్టీలో పైకి ఎక్కేటప్పుడు పొట్ట నా మేడ వైపు ఉంటుంది. దిగేటప్పుడు అవతలి వైపుకి తిరుగుతుంది. అక్కడ బట్టల గోడౌన్ ఉంది, విమానాలకి ఇంకా దగ్గర, దాని మేడ మీదికి వెళ్ళనిస్తామన్నారు. ఒకే పల్టీని నేను ఇటునుంచి, ఇంకొకరు అటునుంచి తీస్తే తేలిపోతుంది. రెండు వేరు లెన్సులు, రెండు వేరు చోట్లు. రెండింటికీ ఒకే మసక పట్టదు కదా.

పళ్ళ డాక్టరు చెయ్యి కదలకుండా పట్టలేడు, చూశాను. ఈ పని చెయ్యగలిగిన రెండో మనిషి నాకు ఒక్కరే తెలుసు. అడగొద్దన్నావు. అడుగుతున్నా.

నీ మరదలు


లెన్సుల రిపేరు షాపు,
సోమవారం

శనివారం పొద్దున్న బస్సుకి దిగుతాను. ఏనుగుని తెస్తున్నా, అది నువ్వు పట్టుకో, గోడౌన్‌కంటే నీ మేడే దూరం. మూడు వందలదీ దాని కన్వర్టరూ నాకియ్యి. మీ అన్నయ్య చెవిన పడితే మాత్రం నీ సంగతి చెబుతా.

వదిన


ఆస్పత్రి మేడ మీద,
ఆదివారం

వదినా,

ఇదేం పని! గోడౌన్ మేడ దిగి అటునుంచి అటే బస్సెక్కి వెళ్ళిపోయావా? నేను కిందికి దిగి అక్కడికొస్తే గోడౌన్ కాపలాదారు "మీ వదినగారు వెళ్ళిపోయారండీ, నీళ్ళు కూడా తాగలేదు" అన్నాడు. ఫోన్ ఎత్తవు. ఏం చూశావో అని నాకు నిద్రపట్టలేదు.

ఏనుగుని నీళ్ళ ట్యాంకు గట్టుమీద మోపి తీశాను. ఏం లెన్స్ వదినా అది! డబ్బా గిబ్బా లేకుండానే అన్నయ్య అరచెయ్యి విమానం నడిపే కర్రమీద ఎలా ఉందో కనిపించింది. బిగించి పట్టుకోడు. వేళ్ళతో ఆనించి పెడతాడంతే.

పొట్ట కుడివైపు గీత ఉంది. స్పష్టంగా ఉంది. పొట్టిగా, వేలెడంత. నాది పెడుతున్నాను. నీ వైపు ఏం వచ్చింది?

నీ మరదలు


లెన్సుల రిపేరు షాపు,
మంగళవారం

మరదలా,

అక్కడ ఉంటే మీ అన్నయ్య ముందు నోరు జారేదాన్ని. ప్రింటు చేతికి రాకుండా మాట్లాడకూడదని వచ్చేశాను.

నా ప్రింటు కవర్లో ఉంది. కూర్చుని చూడు. నీ ఫోటోలో వేలెడంత ఉన్న గీత, నావైపు దిగేసరికి తోకదాకా సాగింది. ఒకే పల్టీలో, ఎక్కేటప్పటికీ దిగేటప్పటికీ మధ్యలో. అదే అతుకు, అదే కుడివైపు. మిగతా మూడు విమానాల పొట్టలూ శుభ్రంగా ఉన్నాయి. ఇది నీడ కాదు, లెన్స్ కాదు. ఏ సభలోనైనా నిలబడి చెబుతాను. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి మీసాలాయన చేతికియ్యి. మీ అన్నయ్యకి కాదు, ముందు ఆయనకి.

ఇంకొక మాట. విమానాలు రావడానికి ముందు దిగిపోదామని మెట్లదాకా వెళ్ళాను. అప్పుడే శబ్దం వచ్చింది. కన్ను లెన్సుకి ఆనించాక ఇక తీయలేకపోయాను. పైకి వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, తల కిందికి వాల్చి అంత పొందిగ్గా దిగివస్తుంటే, వెనక మూడూ దారం కట్టినట్టు వస్తుంటే... ఎంత బాగుందే! ఇన్నాళ్ళు ఆటగాళ్ళని చూశాను. ఒంటిమీద అంత అదుపు ఉన్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా ఇంట్లోనే ఒకడు ఉన్నాడు, నాకు తెలియలేదు.

పడతాడేమో అని కాచుకోవడం మరిచిపోయాను. ఆ సంగతి బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది.

ఈ కవరు రాత్రి బస్సులోనే పంపుతున్నా, ఆలస్యం చెయ్యకు, పరిగెత్తు.

వదిన


ఎక్స్‌రే గది పక్క వరండా,
సోమవారం

వదినా,

నువ్వు చెప్పినట్టే మీసాలాయనకిచ్చాను. ఆయన రెండు ప్రింట్లూ చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు. అడ్డం తిప్పాడు, నిలువు తిప్పాడు. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్ళి, తనే ఆ మూత విప్పాడు. వెనకే నేనూ వెళ్ళాను.

లోపల ఆయిల్ వెళ్ళే రబ్బరు గొట్టం ఉంది. దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీ వదులై, కొంచెం కొంచెంగా గొట్టాన్ని అరగదీసింది. నేలమీద ఉన్నప్పుడు చుక్క కూడా కారదు. పల్టీలో బరువు పడి సాగినప్పుడు మాత్రం నెర్రె విచ్చుకుంటుంది. ఆయన గొట్టం ఊడదీసి రెండు చేతుల మధ్య వంచాడు. పుటుక్కున తెగింది వదినా. కర్ర విరిగినట్టు తెగింది.

"తుడిచేశానమ్మా, నా చేత్తో నేనే తుడిచేశాను" అని మీసాలాయన అక్కడే కూలబడిపోయాడు. ఆ విమానాన్ని కన్నబిడ్డలా చూసుకునే మనిషి. మర్నాడే షెడ్డు తలుపుమీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాడు: "దిగిన విమానాన్ని ముగ్గురు చూశాకే తుడవాలి." ఆయనకంటే నిజాయితీ ఉన్నవాణ్ణి నేను చూడలేదు.

అన్నయ్య వచ్చి గొట్టం ముక్కలు చూశాడు. "ఇంకెన్ని పల్టీలు ఆగేది?" అని అడిగాడు. మీసాలాయన తల అడ్డంగా ఊపాడు, తెలియదన్నట్టు. అన్నయ్య బయటికి వెళ్ళి, తనే కాగితం రాసి సంతకం పెట్టి ఇచ్చాడు, విమానం ఎగరకూడదని. పాత నాయకుడు పెదవి విరిచాడు. అన్నయ్య వెనక్కి తగ్గలేదు.

నిన్న ప్రదర్శన అయింది. మూడు విమానాలే ఎగిరాయి. ముందు విమానం నడిపింది ఆ రెండో విమానం కుర్రాడు. బాగా నడిపాడు. వచ్చే ఏటికి నాయకుడు అతనేనని అక్కడే మైకులో చెప్పారు. అన్నయ్య జనంలో నా పక్కన నిలబడి చూశాడు. పల్టీ మొదలయ్యేముందు ప్రతిసారీ పెదాలతో ఏదో అనుకుంటున్నాడు. ఏమిటని అడిగితే, "ఇప్పుడు ఎత్తు అని చెబుతున్నా" అన్నాడు. అయిపోయాక అందరికంటే ముందు పరిగెత్తి ఆ కుర్రాణ్ణి కౌగిలించుకున్నాడు. నేను ఫోటో తియ్యలేదు. లెన్స్ ఎత్తబుద్ధి కాలేదు.

రేపు ఇంటికి బయల్దేరుతున్నాడు, నువ్వు వదిలేసి వెళ్ళిన ఏనుగుని ఆయనతోనే పంపుతున్నా. నాతో మామూలుగానే ఉన్నాడు, కానీ లోపల ఏముందో తెలియదు. నా మీద కోపం ఉంటే నాకు రాయి, దాచకు. నేను భరించగలను.

నీ మరదలు


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర,
ఆదివారం

నా తల్లీ,

నీ మీద కోపం లేదు. ఎవరి మీదా లేదు. మొదటి రెండు రోజులు తిన్నాడు, పడుకున్నాడు. నేనూ కదిలించలేదు.

నిన్న షాపులో ఏనుగుని తుడుస్తుంటే వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గాజువైపు చూస్తూ అడిగాడు.

"నువ్వు వచ్చావటగా. గోడౌన్ మేడ మీద ఉన్నావట."

నువ్వు చెప్పావా, కాపలాదారు చెప్పాడా నాకనవసరం. "వచ్చాను" అన్నాను.

"ఎలా ఉన్నాను?"

అంత పెద్దవాడు, చిన్నపిల్లాడు రిజల్టు అడిగినట్టు అడిగాడే. విమానం నడిపేవాళ్ళు తమని తాము ఎప్పుడూ చూసుకోలేరట. లోపల కూర్చుంటే కనిపించేది మీటర్లూ ఆకాశమేనట. జనం చప్పట్లు కూడా వినపడవట. ఇన్నేళ్ళుగా ఎగురుతున్నాడు, ఇంట్లో మనిషి ఒక్కరూ చూసి చెప్పలేదు. ఆ ఒక్కమాట నన్ను కోసేసింది.

నీకు తెలుసు కదా, నా నోట్లోంచి మెచ్చుకోలు ఊడిపడటం ఎంత కష్టమో. అయినా చెప్పాను. ఎక్కడా తొందర లేదన్నాను. పైన తలకిందులైనప్పుడు కూడా కంగారు లేదన్నాను. వెనకవాళ్ళు నిన్ను నమ్మి వస్తున్నారని కిందున్న నాకు కూడా తెలిసిందన్నాను. "నేను చూసినవాళ్ళలో నిన్ను మించిన ఆటగాడు లేడు" అన్నాను. "ఆ చోటు పోయినా ఫర్వాలేదు, నువ్వు ఉన్నావు" అని కూడా అన్నాను.

ఆయన తల వంచుకుని ఏడ్చాడు. నాయకుడి చోటు పోయినప్పుడు ఏడవనివాడు ఇప్పుడు ఏడ్చాడు. గుడ్డ పక్కనపెట్టి నేనూ ఏడ్చాను. బయట ఎవరో లెన్స్ రిపేరుకి తెచ్చి తలుపు కొడుతుంటే "రేపు రండి" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

విమానానికి కొత్త గొట్టం వేశారట, అనుమతి కూడా వచ్చిందట. వచ్చే సీజన్‌లో ఆ కుర్రాడి వెనక రెండో విమానం నడుపుతానని మీ అన్నయ్యే అడిగి ఒప్పించుకున్నాడు. ఆ కుర్రాడు సిగ్గుతో చచ్చిపోతున్నాడట.

ఏనుగుని నీకే పంపించేస్తున్నా. దాన్ని మోసే బలం నీకుంది, నాకిప్పుడు దానితో పనిలేదు. వచ్చే సీజన్ సాధన మొదలయ్యే మొదటి శనివారం నేను వస్తాను. నీళ్ళ ట్యాంకు పక్కన నాకు కాస్త చోటు ఉంచు. కెమెరా తీసుకురాను. ఊరికే నిలబడి చూస్తాను.

వదిన